కోసి చూసిన కుండే నేర్పుతుంది

కుమ్మరి సారె (కుండలు చేసే చక్రం) ముందు కూర్చున్న మొదటి ఏడాది నేను చేసిన కుండల్లో ఒక్కటీ ఇంటికి తెచ్చుకోలేదు. అన్నిటినీ పచ్చిగా ఉండగానే తీగతో నిలువునా రెండుగా కోసేదాన్ని. అది మాస్టారు పెట్టిన నియమం. మొదట్లో ఏడుపొచ్చేది. ఇప్పుడు నా దగ్గర నేర్చుకునేవాళ్లకు నేనూ అదే నియమం పెడుతున్నాను. ఒక గురువు పక్కన కూర్చుని, చేత్తో, నిదానంగా ఈ పని నేర్చుకోవాలనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ముందు మట్టి. నన్ను ఆరు వారాల పాటు సారె ముట్టుకోనివ్వలేదు. మట్టి నానబెట్టడం, వడకట్టడం, పిసకడం, అంతే. మట్టిలో జిగట ఉందో లేదో తెలియాలంటే పెన్సిలంత లావున పొడుగ్గా చేసి వేలికి చుట్టండి. పగలకుండా ఒంగితే పనికొస్తుంది. చిట్లితే నీళ్లు చాలలేదు, లేదా బంక తక్కువైంది. పిసికేటప్పుడు చేతుల బలం వాడితే పది నిమిషాలకే భుజాలు పట్టేస్తాయి. నిలబడి, ముందుకు ఒరిగి, ఒంటి బరువంతా అరచేతుల మీదుగా దించాలి. మధ్యమధ్యలో ముద్దను కోసి చూడండి. కోసిన చోట చిన్న చిన్న బొక్కలు, రంగు తేడాలు కనిపిస్తే ఇంకా పిసకాలి.

అదే మట్టితో ఒక పలక చేసి, దాని మీద సరిగ్గా 10 సెంటీమీటర్ల గీత గీయండి. ఆరాక ఒకసారి, కాల్చాక ఒకసారి కొలవండి. 9 సెంటీమీటర్లే మిగిలితే మీ మట్టి పదో వంతు కుంచించుకుపోతుందన్నమాట. మూత సరిపోవాలన్నా, గిన్నె అనుకున్న సైజులో రావాలన్నా ఈ లెక్కే ఆధారం.

ఇక సారె. మట్టిని నడిమికి తేవడం, మనం సెంటరింగ్ అనేది, ఒక్కటే చాలామందిని మధ్యలో మానేసేలా చేస్తుంది. నాకు నాలుగు నెలలు పట్టింది. ముద్ద అటూ ఇటూ ఊగుతుంటే దాని వెంట నా చేతులూ ఊగేవి. ఒకరోజు మాస్టారు నా మోచేతిని పట్టుకుని నా తొడకు గట్టిగా ఆనించారు. "మట్టిని కదలనివ్వమ్మా, నువ్వు కదలకు" అన్నారు. అంతే, ముద్ద నిలిచింది. ఆ మాటను ఎన్నిసార్లు విన్నా లాభం లేదు, ఎవరో ఒకరు మీ మోచేతిని పట్టుకుని చూపించాలి. గురువు దగ్గర నేర్చుకోమని నేను ఇంతగా చెప్పడానికి కారణం ఇదే. ఇంకోటి, చేతులు ఎప్పుడూ నెమ్మదిగా తీయండి. ఠక్కున తీస్తే నిలిచిన ముద్ద మళ్లీ ఊగుతుంది.

ముద్ద నిలిచాక గిన్నెలు, కూజాలు వద్దు. గొట్టంలా నిలువుగా ఉండే పాత్ర ఒక్కటే చేయండి, రోజూ అదే. కిలో మట్టితో 15 సెంటీమీటర్ల ఎత్తు తేగలిగితే మీ చెయ్యి బాగా కుదిరినట్టే. అడుగు భాగాన్ని వేళ్లతో నడిమి నుంచి అంచుకు, అంచు నుంచి నడిమికి గట్టిగా ఒత్తండి. ఒత్తకపోతే ఆరేటప్పుడు అడుగున పగులు వస్తుంది. తర్వాత కోయండి. గోడ కింద మందంగా, పైన పల్చగా ఉందా? మధ్యలో ఎక్కడైనా సన్నబడిందా? బయటి నుంచి అందంగా కనిపించిన కుండలు లోపల ఎంత తప్పుగా ఉంటాయో చూసినప్పుడు నాకు భయం వేసేది. ఆ కోసిన ముఖాన్ని నోట్‌బుక్‌లో పెన్సిల్‌తో ఉన్నదున్నట్టు గీసి, పక్కన తేదీ వేయండి. బొమ్మ వేయడం రాదని ఆగకండి. నాకూ అప్పటికి రాదు. రోజుకో కోత గీస్తూ గీస్తూ ఉంటే, కొన్ని నెలలకు వంపును కన్ను ముందే పసిగట్టడం మొదలవుతుంది. చిత్రలేఖనం నేను అలాగే నేర్చుకున్నాను.

ఆరబెట్టడంలో తొందర వద్దు. కుండను పల్చటి ప్లాస్టిక్‌తో వదులుగా కప్పి నీడలో ఉంచండి. ఆరిందో లేదో చెంపకు ఆనించి చూడండి, చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉంది. రెండో ఏడాది నేను ఆ చల్లదనాన్ని లెక్కచేయకుండా ఆవంలో, అంటే కుండలు కాల్చే బట్టీలో, పెట్టి మంట పెంచేశాను. లోపలి నీరు ఆవిరై తొమ్మిది కుండలు పేలిపోయాయి. కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు (కుమ్మరి ఏడాది శ్రమ దుడ్డుకర్రకు ఒక్క దెబ్బే) అనే సామెత అర్థం ఆ గంటలో తెలిసింది. ఆవం వేడి 100 డిగ్రీలు దాటేదాకా చాలా నిదానంగా వెళ్లండి. మళ్లీ 573 డిగ్రీల దగ్గర జాగ్రత్త. మట్టిలోని క్వార్ట్జ్ అనే ఖనిజం అక్కడ ఒక్కసారిగా ఉబ్బుతుంది, చల్లారేటప్పుడు అదే చోట కుంచించుకుపోతుంది. చూడాలన్న ఆత్రంతో ఆవం తలుపు వేడిగా ఉండగా తెరిస్తే కుండ చీలేది అందుకే.

ఎండిన మట్టి దుమ్ములో సిలికా ఉంటుంది, ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు పాడవుతాయి. పని అయ్యాక చీపురు పట్టకండి, తడిగుడ్డతో తుడవండి.

కాలిన కుండను వేలి కణుపుతో తట్టి వినండి. కంగుమంటే బాగున్నట్టు. మొద్దుగా మోగితే ఎక్కడో పగులుంది. అలాంటిదాన్ని పగలగొట్టి, విరిగిన అంచు చూడండి. గోడ మధ్యలో నల్లటి చార కనిపిస్తే మట్టిలోని కర్బనం పూర్తిగా కాలకముందే మంట పెరిగిపోయిందని అర్థం. ఆ ముక్కను నోట్‌బుక్ పక్కనే పెట్టుకుని, తర్వాతి ఆవానికి ఇంకో రెండు గంటలు ఎక్కువ తీసుకోండి.