సివిలైజేషన్ 6 కొత్తగా ఆడుతున్నారా? వండర్ల కంటే ముందు సెట్లర్లు

నగరాలు కట్టి నాగరికతను పెంచే ఈ కంప్యూటర్ గేమ్‌లో ఆట మొదలవగానే స్టోన్‌హెంజ్, పిరమిడ్ల లాంటి వండర్ల (భారీ కట్టడాల) మీద పడకండి. మొదట్లో మీ బలమంతా నగరాల సంఖ్యలోనే ఉంటుంది. రాజధానిలో స్కౌట్ (దారులు వెతికే యూనిట్), స్లింగర్ (రాళ్లు విసిరే సైనికుడు) అయ్యాక సెట్లర్‌ (కొత్త నగరం కట్టే యూనిట్) మొదలుపెట్టండి. సెట్లర్ తయారైతే నగర జనాభా ఒకటి తగ్గుతుంది కాబట్టి కనీసం రెండు ఉండాలి. ఎర్లీ ఎంపైర్ అనే సివిక్ (సాంస్కృతిక ఆవిష్కరణ) రాగానే కాలనైజేషన్ అనే పాలసీ కార్డు పెట్టేయండి, సెట్లర్ల ఉత్పత్తి 50 శాతం పెరుగుతుంది.

ఇక చోటు. సెట్లర్‌ని ఎంచుకోగానే మ్యాప్ మీద రంగులు కనిపిస్తాయి. ముదురు ఆకుపచ్చ అంటే మంచినీళ్లు దగ్గరున్నట్టు. అక్కడ నగరం కడితే హౌసింగ్ (ఎంత జనాభాకు చోటుందో చెప్పే లెక్క) 5, సముద్ర తీరంలో అయితే 3, నీళ్లే లేకపోతే 2. జనాభా హౌసింగ్‌కి ఒక్కటి తక్కువ దాకా వచ్చిందంటే ఎదుగుదల సగానికి పడిపోతుంది, ఎంత తిండి ఉన్నా సరే. అందుకే నది పక్క చోటు కోసం ఒకటి రెండు టర్న్‌లు నడిచినా నష్టం లేదు.

సెట్లర్‌ని ఒంటరిగా మాత్రం పంపొద్దు. బార్బేరియన్ల (ఏ నాగరికతకూ చెందని దాడి మూకల) చేతికి చిక్కితే ఎత్తుకుపోతారు. వాళ్ల స్కౌట్ తల మీద ఆశ్చర్యార్థకం కనిపిస్తే మీ నగరాన్ని చూసేసినట్టే, అది క్యాంపుకు తిరిగి చేరకముందే చంపేయండి. ఆ దెబ్బ స్లింగర్‌తో వేస్తే ఆర్చరీ (విలువిద్య) టెక్నాలజీకి యురేకా, అంటే పరిశోధనను ముందుకు నెట్టే బోనస్, కూడా వస్తుంది.