మాంచెస్టర్‌లో ఇల్లు కొనే ముందు: గోడల వెనక, నేల కింద చూసుకోవాల్సినవి

ఇల్లు చూడ్డానికి ఏజెంట్ శనివారం పదకొండింటికి రమ్మంటాడు. ఎండ కాస్తున్నా సరే వెళ్ళండి. నచ్చితే మాత్రం ఇంకోసారి వాన పడుతున్నప్పుడు వెళ్ళి చూడండి. మాంచెస్టర్‌లో వాన కోసం ఎక్కువ రోజులు ఎదురుచూడక్కర్లేదు.

ఆంకోట్స్, న్యూ ఇస్లింగ్టన్, కాజిల్‌ఫీల్డ్, సాల్ఫర్డ్ కీస్. ఇక్కడి మన వాట్సాప్ గ్రూపుల్లో ఇళ్ళ మాట వస్తే తిరిగేవి ఈ పేర్లే. ఇవాళ కాఫీ షాపులూ కాలవ గట్టు మీద నడకదారులూ కనిపించే ఆంకోట్స్‌లో రెండొందల ఏళ్ళ కిందట ఆవిరి యంత్రాలతో నూలు మిల్లులు నడిచాయి. మన చేనేతను దెబ్బతీసిన మిల్లు గుడ్డకు అడ్డా ఈ ప్రాంతమే. సాల్ఫర్డ్ కీస్‌ది ఇంకో కథ. 1894లో తెరిచిన షిప్ కెనాల్ దయతో సముద్రం లేని ఊరికి ఓడలొచ్చాయి. 1982లో ఆ రేవు మూతపడింది, 2011లో అదే నీళ్ళ ఒడ్డుకి బీబీసీ వచ్చింది. కట్టడాలు కొత్తవే, బాగున్నాయి కూడా. వాటి కింద నేలా, దస్తావేజుల్లో రాతలూ మాత్రం చాలాచోట్ల మిల్లుల కాలానివే. కొనేవాళ్ళకి దెబ్బ తగిలేది ఎక్కువగా అక్కడే.

ముందు హైదరాబాద్ ఫ్లాట్ సంగతి తేల్చుకోండి

మనవాళ్ళు ఎక్కువగా బోల్తాపడేది ఇందులోనే. ఇంగ్లండ్‌లో మొదటిసారి ఇల్లు కొనేవాళ్ళకి 3,00,000 పౌండ్ల వరకు స్టాంప్ డ్యూటీ లేదు (ఇంటి ధర 5,00,000 దాటకూడదు). 'మొదటిసారి' అంటే ఇంగ్లండ్‌లో మొదటిసారి అని కాదు, ప్రపంచంలో ఎక్కడా అని అర్థం. కూకట్‌పల్లిలో నాన్నగారు మీ పేరున ఎప్పుడో రిజిస్టర్ చేయించిన డబుల్ బెడ్‌రూమ్ లెక్కలోకి వస్తుంది. వారసత్వంగా వచ్చిన ఇల్లూ వస్తుంది.

అంతటితో ఆగదు. ఆ ఇల్లు ఇప్పటికీ మీ పేరున ఉండి, మీ వాటా విలువ 40,000 పౌండ్లు గానీ అంతకు మించి గానీ ఉంటే, ఇక్కడ కొనేది రెండో ఇంటి కింద లెక్క. 2024 అక్టోబర్ 31 నుంచి దాని మీద 5 శాతం అదనం. భార్యాభర్తలిద్దరినీ ఒక్కరిగా చూస్తారు కాబట్టి ఇల్లు ఆవిడ పేరున ఉన్నా అంతే. 2,20,000 పౌండ్ల ఫ్లాట్ అనుకుందాం. మొదటిసారి కొంటే పన్ను సున్నా. ఇండియాలో ఫ్లాట్ ఉంటే మామూలు పన్ను 1,900, అదనం 11,000, మొత్తం 12,900 పౌండ్లు. నాకు తెలిసిన ఒకతను ఈ సంగతి సొలిసిటర్ (కొనుగోలు కాగితాల పని చూసే లాయర్) పంపిన ఫారం నింపుతున్నప్పుడు తెలుసుకున్నాడు. అప్పటికే సర్వేకీ మార్ట్‌గేజ్‌కీ డబ్బు ఖర్చయిపోయింది. షాద్‌నగర్ దగ్గర ఖాళీ ప్లాటో, ఊళ్ళో పొలమో అయితే నివాసం కిందకి రాదు. అయినా సొలిసిటర్‌కి అన్నీ చెప్పండి. "వాళ్ళకేం తెలుస్తుందిలే" అనే సలహా ఎవరైనా ఇస్తే వినకండి. పన్ను పత్రంలో తప్పు రాస్తే జరిమానా కట్టాల్సింది మీరే, సలహా ఇచ్చినాయన కాదు.

ఇండియా నుంచి కొత్తగా వచ్చి వెంటనే కొంటున్నారా? కొనడానికి ముందటి పన్నెండు నెలల్లో 183 రోజులు యూకేలో లేకపోతే ఇంకో 2 శాతం పడుతుంది. ఓపిక ఉంటే కొన్నాళ్ళు అద్దెకుండి ఊరు తెలుసుకున్నాక కొనడమే మేలు. పన్ను సంగతి పక్కన పెట్టినా నా మాట అదే.

అమ్మానాన్నలు డిపాజిట్‌కి సాయం చేస్తుంటే డబ్బును నాలుగు నెలల ముందే కదిలించండి. ఇండియాలో ఉన్నవాళ్ళు ఏడాదికి ఒక్కొక్కరు 2,50,000 డాలర్ల వరకు పంపొచ్చు. 10 లక్షల రూపాయలు దాటిన మొత్తం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందుగానే వసూలు చేసే పన్ను) పట్టుకుంటుంది. అది తరవాత వాళ్ళ ఇన్‌కమ్ టాక్స్ లెక్కలో సర్దుబాటు అవుతుంది, కానీ అప్పటికప్పుడు చేతిలో ఉండాలి కదా. ఇక్కడి సొలిసిటర్ ఆ డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆనవాళ్ళు అడుగుతారు: పొలం అమ్మితే సేల్ డీడ్, ఫిక్స్‌డ్ డిపాజిట్ అయితే బ్యాంక్ స్టేట్‌మెంట్, పైగా ఇది అప్పు కాదు, బహుమతి అని అమ్మానాన్నల సంతకంతో ఉత్తరం. తెలుగులో ఉన్న దస్తావేజుకి అనువాదం కూడా అడగొచ్చు.

ఫ్లాట్ అయితే: నేల మీ సొంతం కాదు

మన దగ్గర అపార్ట్‌మెంట్‌లో ఫ్లాట్ కొంటే నేలలో ఇన్ని గజాల వాటా అని రాసిస్తారు. ఇక్కడ ఫ్లాట్లు దాదాపు అన్నీ లీజ్‌హోల్డ్. అంటే మీరు కొనేది ఇన్నేళ్ళు ఉండే హక్కు. నేలా, గోడలూ, పైకప్పూ నేల సొంతదారు అయిన ఫ్రీహోల్డర్‌వి. మొదట అడగాల్సింది లీజులో ఇంకా ఎన్నేళ్ళు మిగిలాయని. 80 ఏళ్ళ కంటే తగ్గితే పొడిగించుకోవడం బాగా ఖరీదు, బ్యాంకులు కూడా ముఖం చిట్లిస్తాయి. రెండోది గ్రౌండ్ రెంట్, అంటే నేలకి ఏటా కట్టే అద్దె. 2022 జూన్ 30 నుంచి రాసిన కొత్త లీజుల్లో అది ఉండకూడదని చట్టం వచ్చింది. ఈ ఊళ్ళో 2000 తరవాత కట్టిన టవర్లలో ఎక్కువ లీజులు అంతకు ముందువే. పదేళ్ళకోసారో పాతికేళ్ళకోసారో రెట్టింపయ్యే షరతు ఉందేమో లీజు మొత్తం చదివించి చూడండి.

సర్వీస్ చార్జ్ (భవనం నిర్వహణకి ఏటా కట్టే మొత్తం) దగ్గర నేనే దెబ్బతిన్నాను. పాత మిల్లును ఫ్లాట్లుగా మార్చిన భవనంలో కొన్నాను. ఎర్ర ఇటుక గోడలూ, ఇనప స్తంభాలూ, నిలువెత్తు కిటికీలూ చూసి మనసు పారేసుకున్నాను. ఆ ఏడాది చార్జ్ ఎంతో అడిగాను, భరించగలం అనుకున్నాను. పెద్ద మరమ్మతుల కోసం దాచే రిజర్వ్ ఫండ్‌లో ఎంత ఉందని అడగలేదు. అడిగుంటే దాదాపు ఏమీ లేదని తెలిసేది. రెండో ఏడాది లిఫ్ట్ మార్చాలన్నారు, ఇన్సూరెన్స్ పెరిగిందన్నారు, బిల్లు ఒకటిన్నర రెట్లయింది. మేనేజింగ్ కంపెనీకి ఎన్ని ఈమెయిల్స్ రాసినా వచ్చింది ఒకటే జవాబు: లీజులో ఉంది, కట్టండి. నిజంగానే లీజులో ఉంది.

కాబట్టి మూడేళ్ళ లెక్కలు తెప్పించుకోండి. రాబోయే రెండు మూడేళ్ళలో పెద్ద పనులు ఏమున్నాయో అడగండి. ఒక్కో ఫ్లాట్ మీద 250 పౌండ్లు దాటే పని ఏదైనా చేసే ముందు ఓనర్లకి సెక్షన్ 20 నోటీసు ఇవ్వాలి. అలాంటిది ఇప్పటికే వచ్చిందా అని అమ్మేవాళ్ళను రాతపూర్వకంగా అడిగించండి. లిఫ్ట్ దగ్గర నోటీసు బోర్డు ఉంటే నిలబడి చదవండి. కనిపించిన పక్కింటివాళ్ళను పలకరించండి. ఏజెంట్ పది రోజుల్లో చెప్పనిది వాళ్ళు రెండు నిమిషాల్లో చెప్పేస్తారు.

పాత మిల్లుల్లో ఇంకో మెలిక ఉంది. ఆంకోట్స్ మిల్లుల్లో చాలావాటిని వారసత్వ కట్టడాలుగా నమోదు చేశారు. చలి ఆపలేని ఒంటి అద్దం కిటికీని మార్చాలన్నా కౌన్సిల్ అనుమతి కావాలి, లేకపోతే అది నేరం. పాత ఓనర్ అనుమతి లేకుండా చేసిన మార్పును సరిచేయమని మిమ్మల్నే అడగొచ్చు.

గోడ మీద తొడుగు

2017 జూన్ 14న లండన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్ కాలిపోయి 72 మంది చనిపోయారు. బయటి గోడలకి బిగించిన, అంటుకునే రకం తొడుగు పలకలే (క్లాడింగ్) మంటను పైదాకా మోశాయి. ఆ తరవాత మాంచెస్టర్, సాల్ఫర్డ్ టవర్లలో ఎంతోమంది ఫ్లాట్ అమ్ముకోలేక, బ్యాంకు లోన్ ఇవ్వక ఏళ్ళ తరబడి టెన్షన్ పడ్డారు. ఎత్తైన భవనమైతే ఈడబ్ల్యూఎస్1 ఫారం (బయటి గోడల అగ్ని భద్రత తనిఖీ పత్రం) ఉందా, దాని తేదీ ఏమిటి అని అడగండి. అది ఐదేళ్ళకే చెల్లుతుంది.

ఇందులో ఒక సూక్ష్మం ఉంది. కనీసం 11 మీటర్ల ఎత్తు గానీ ఐదంతస్తులు గానీ ఉన్న భవనాల్లో 2022 నాటి చట్టం ఓనర్లకి రక్షణ ఇచ్చింది. అయితే మీ ఫ్లాట్‌కి ఆ రక్షణ ఉందో లేదో 2022 ఫిబ్రవరి 14న అది ఎవరి చేతిలో ఉందన్న దాన్ని బట్టి తేలుతుంది. ఆ రోజు అందులో ఓనరే కాపురం ఉంటే, లేదా ఆ ఓనర్‌కి యూకేలో మొత్తం మూడు ఇళ్ళకి మించి లేకపోతే, తొడుగు మార్చే ఖర్చు మీ నెత్తిన పడదు. డజను ఫ్లాట్లున్న పెట్టుబడిదారు చేతిలో ఉండి ఉంటే ఆ రక్షణ మీకు రాకపోవచ్చు. పెట్టుబడికి కొన్న ఫ్లాట్లు ఈ ఊళ్ళో లెక్కలేనన్ని. కాబట్టి అమ్మేవాళ్ళ దగ్గర ఆ రోజు పరిస్థితిని ధ్రువీకరించే 'డీడ్ ఆఫ్ సర్టిఫికెట్' అనే కాగితం ఉందో లేదో సొలిసిటర్‌తో అడిగించండి.

ఇల్లు అయితే: కింద ఏముంది

లెవెన్‌షుల్మ్, గోర్టన్ వైపు వరసగా నిలబడ్డ ఎర్ర ఇటుక టెర్రస్ ఇళ్ళు మిల్లు కూలీల కాలంవి. గోడ మధ్యలో ఖాళీ ఉండని ఇటుక గోడలు చెమ్మ పీలుస్తాయి. అమ్మకానికి పెట్టే ముందు చాలామంది తెల్ల పెయింట్ కొట్టించేస్తారు. పైన పటారం లోన లొటారం. గోడ కింది భాగాన్ని అరచేత్తో తడిమి చూడండి. అల్మరాలు తెరిచి వాసన చూడండి. వానలో వెళ్ళమన్నది అందుకే: గట్టర్ ఎక్కడ కారుతోందో, సెల్లార్‌లో నీరు చేరుతోందో అప్పుడే కనిపిస్తుంది. బ్యాంకు చేసే వాల్యుయేషన్ బ్యాంకు కోసం. మీ కోసం మీరే సర్వేయర్‌ని పెట్టుకోండి. వందేళ్ళు దాటిన ఇంటికి అన్నిటికంటే వివరంగా చూసే లెవెల్ 3 సర్వేనే చేయించండి, అక్కడ పొదుపు చూడొద్దు.

తూర్పు మాంచెస్టర్ కింద బొగ్గు తవ్వారు. ఇప్పుడు ఎతిహాద్ స్టేడియం ఉన్న చోటే 1968 దాకా బ్రాడ్‌ఫర్డ్ గని నడిచింది. గని సెర్చ్, పర్యావరణ సెర్చ్ (ఆ నేల గురించి రికార్డులు వెతికించడం) రెండూ చేయించండి. గ్యాస్ తయారుచేసిన చోట్లా, రంగుల అద్దకం నడిచిన చోట్లా నేలలో విషాలు మిగిలుంటాయి. కొత్త ఇల్లయితే నేలను శుభ్రం చేసి కౌన్సిల్ ఆమోదం తీసుకున్న కాగితం అడగండి. పెరడు రైలు పట్టాలకో కాలవకో ఆనుకుని ఉంటే జపనీస్ నాట్‌వీడ్ అనే కలుపు మొక్క కోసం చూడండి. అమ్మేవాళ్ళు దాని గురించి ఫారంలో చెప్పి తీరాలి.

ఇల్లు కాబట్టి ఫ్రీహోల్డే అనుకోకండి. ఈ చుట్టుపక్కల 999 ఏళ్ళ లీజు మీదున్న ఇళ్ళు బోలెడు. ఫ్రీహోల్డ్ అయినా 'చీఫ్ రెంట్' అని ఏడాదికి కొన్ని పౌండ్లు ఎవరికో కట్టాల్సి రావొచ్చు. చాలావరకు అవన్నీ 2037లో రద్దవుతాయి. అప్పటిదాకా బాకీ పెట్టకండి.

నీళ్ళ సంగతి. 2015 డిసెంబర్ 26న ఇర్వెల్ నది పొంగి సాల్ఫర్డ్‌లోని లోయర్ బ్రౌటన్‌లో ఇళ్ళు మునిగాయి. వరద ముప్పున్న ఇళ్ళకి ఇన్సూరెన్స్ అందుబాటులో ఉంచే ఫ్లడ్ రీ పథకం 2009 జనవరి 1కి ముందు కట్టిన ఇళ్ళకే వర్తిస్తుంది. నది ఒడ్డున మెరిసే కొత్త ఇల్లు కొనేవాళ్ళు ముందు ఇన్సూరెన్స్ కొటేషన్ తెచ్చుకుని, తరవాత ధర మాట్లాడండి.

వాస్తు గురించి అడిగేవాళ్ళకి ఒక్క మాట. తూర్పు ముఖం ఇల్లు కోసం ఆర్నెల్లు వెతికిన మిత్రుడు చివరికి దొరికినదాన్ని సర్వే లేకుండా కొన్నాడు. ఈశాన్యం బ్రహ్మాండంగా ఉంది, అక్కడే పైకప్పు కారుతోంది.

హోటల్ హాల్లో అమ్మే టవర్లు

హైదరాబాద్ హోటల్లో ఎగ్జిబిషన్ పెట్టి, ఇంకా పునాది పడని మాంచెస్టర్ ఫ్లాట్‌ని 'గ్యారంటీ అద్దె'తో అమ్మజూపితే అక్కడికక్కడ సంతకం పెట్టకండి. అద్దె గ్యారంటీ ఇచ్చే కంపెనీ ఎన్నాళ్ళుంటుంది, ముందు కట్టే డబ్బుకి ఏ రక్షణ ఉంది, ఇల్లు చేతికొచ్చే రోజున బ్యాంకు అదే విలువ కడుతుందా అనేవి తేలాలి. బిల్డర్ చూపించిన సొలిసిటర్ వద్దు, మీ సొంత సొలిసిటర్‌ని పెట్టుకోండి.

చివరి వారాలు

ఇంగ్లండ్‌లో ఆఫర్ ఒప్పుకున్నారంటే ఇల్లు మీదైనట్టు కాదు. సంతకాలు చేసిన కాంట్రాక్టులు ఇచ్చిపుచ్చుకునే రోజు (ఎక్స్‌చేంజ్) దాకా ఎవరైనా వెనక్కి తగ్గొచ్చు, అమ్మేవాళ్ళు ఎక్కువ ఇచ్చేవాళ్ళ వైపు తిరగొచ్చు. అది మీకూ వెసులుబాటే: సర్వేలో తేడా వస్తే ధర తగ్గించమని అడగడానికి సమయం అదే. ఆ రోజు సాధారణంగా 10 శాతం కడతారు. తరవాత వెనక్కి తగ్గితే అది పోతుంది.

డబ్బు పంపే ముందు "మా బ్యాంక్ ఖాతా మారింది" అని సొలిసిటర్ పేరుతో ఈమెయిల్ వస్తే అది మోసమే అనుకోండి. మొదటి రోజు తీసుకున్న నంబర్‌కి మీరే ఫోన్ చేసి ఖాతా వివరాలు చదివించుకోండి. ముందు ఒక్క పౌండ్ పంపి అందిందో లేదో కనుక్కోండి.

తాళాలు చేతికొచ్చాక కరెంట్, గ్యాస్, నీళ్ళ మీటర్లు ఫొటో తీసి పెట్టుకోండి. పాలు హాయిగా పొంగించుకోవచ్చు. ఫ్లాట్‌లో హోమం మాత్రం వద్దు: స్మోక్ అలారం మోగితే గృహప్రవేశం రోజే పక్కింటివాళ్ళు తలుపు కొడతారు.