ఆక్టిన్, మైక్రోట్యూబ్యూల్స్ రెండూ ఒకే కణంలో చక్కగా కనిపించాలంటే

ఎమ్మెస్సీ ఆఖరి సెమిస్టర్ ప్రాజెక్టుకని బెంగళూరు ల్యాబులకు వచ్చే మన పిల్లలకు మొదట్లోనే తగిలే పని సైటోస్కెలిటన్ స్టెయినింగ్, అంటే కణానికి అస్థిపంజరంలా ఉండే ప్రోటీన్ తంతువులకు రంగు వేయడం. ఆక్టిన్ దాదాపు అందరికీ వస్తుంది. మైక్రోట్యూబ్యూల్స్ దగ్గరే దెబ్బతింటారు. తప్పు యాంటీబాడీది అనుకుని కొత్త సీసా తెప్పిస్తారు. కానీ చాలాసార్లు చెడేది అంతకు ముందే, కణాల్ని ఫిక్స్ చేసిన (రసాయనంతో ఉన్నవి ఉన్నట్టు బిగించిన) మొదటి నిమిషంలో.

కారణం నిర్మాణంలోనే ఉంది. ఆక్టిన్ తంతువు మందం సుమారు 7 నానోమీటర్లు, వైమెంటిన్ లాంటి ఇంటర్మీడియట్ ఫిలమెంట్లది 10. మైక్రోట్యూబ్యూల్ 25 నానోమీటర్ల బోలు గొట్టం. ఆల్ఫా, బీటా ట్యూబ్యులిన్ జంటలు వరుసకట్టి, అలాంటి వరుసలు సాధారణంగా 13 పక్కపక్కన చేరితే ఒక గొట్టం. దాని కొసన జీటీపీ (శక్తినిచ్చే చిన్న అణువు) పట్టుకున్న జంటలు టోపీలా ఉన్నంతసేపే పెరుగుతుంది, టోపీ ఊడితే విచ్చుకుపోతుంది. చలి, కాల్షియం రెండూ దానికి పడవు. వైమెంటిన్ గట్టిది, దాని గురించి బెంగ అక్కర్లేదు.

ముందు బఫర్. మైక్రోట్యూబ్యూల్స్‌ను నిలిపి ఉంచే పెమ్ బఫర్ రెండింతల గాఢతలో కలుపుకోండి: పైప్స్ 160, ఈజీటీఏ 10, మెగ్నీషియం క్లోరైడ్ 4 మిల్లీమోలార్, పీహెచ్ 6.8. కాల్షియాన్ని పట్టేసేది ఈజీటీఏ. పైప్స్ పొడి ఎంత కలిపినా తెల్లగా అడుగునే ఉంటుంది. పొటాషియం హైడ్రాక్సైడ్ పోస్తూ పీహెచ్ పెంచితేనే కరుగుతుంది.

ఫ్యూమ్ హుడ్‌లో 8 గ్రాముల పారాఫార్మాల్డిహైడ్‌ను నీళ్లలో 60 డిగ్రీల దగ్గర వేడి చేసి, సోడియం హైడ్రాక్సైడ్ చుక్కలు వేయండి. పాలలా ఉన్నది తేటపడ్డాక, నీళ్లతో 100 మి.లీ.కు తెచ్చి, చల్లార్చి వడకట్టండి. ఆ ద్రావణం, పెమ్ సమపాళ్లలో కలిపితే 4 శాతం ఫిక్సేటివ్. పీహెచ్ మళ్లీ చూసుకోండి. వాడే ముందు 0.1 శాతం గ్లూటరాల్డిహైడ్ చేర్చండి. అలమారలోని ఫార్మలిన్ సీసా జోలికి పోవద్దు. అందులో సాధారణంగా 10–15 శాతం మెథనాల్ ఉంటుంది, దాంతో ఆక్టిన్‌కు రంగు వేసే ఫాలాయిడిన్ దాన్ని పట్టుకోలేదు. మైనస్ 20 డిగ్రీల మెథనాల్‌తో ఫిక్స్ చేస్తే మైక్రోట్యూబ్యూల్స్ అందంగానే వస్తాయి, ఆక్టిన్ మాత్రం పోతుంది. రెండూ కావాలంటే ఆ దారి వద్దు.

ఇక అసలు మెలకువ. ఫిక్సేటివ్‌ను వాటర్‌బాత్‌లో 37 డిగ్రీలకు తెచ్చి, మీడియం తీసేసిన మరుక్షణం పోయండి. ప్రోటోకాల్‌లో ‘గది ఉష్ణోగ్రత’ అని ఉంటే నమ్మకండి. మే నెల చెన్నై గది వేరు, డిసెంబరు ఉదయం బెంగళూరు బెంచి వేరు. ఫ్రిజ్‌లోంచి తీసిన పీబీఎస్‌తో (కడగడానికి వాడే ఉప్పు బఫర్) కడిగితే మరీ దారుణం.

15 నిమిషాలయ్యాక పీబీఎస్‌తో కడిగి, అప్పటికప్పుడు కలిపిన 0.1 శాతం సోడియం బోరోహైడ్రైడ్‌లో 7 నిమిషాలు ఉంచండి. గ్లూటరాల్డిహైడ్ తెచ్చే పొగలాంటి వెలుగు దీంతో తగ్గుతుంది. బుడగలు లేచి కవర్‌స్లిప్ (కణాలు అంటుకుని ఉన్న పల్చటి గాజు ముక్క) తేలిపోతుంది, ఫోర్సెప్స్ మొనతో మెల్లగా అదిమి పట్టండి. తేలిన ముక్క తిరగబడితే కణాలు ఏ వైపున్నాయో చెప్పడం కష్టం.

కణం పొరకు రంధ్రాలు చేసే 0.2 శాతం ట్రైటాన్‌లో 10 నిమిషాలు, యాంటీబాడీ ఎక్కడపడితే అక్కడ అంటకుండా 3 శాతం బీఎస్‌ఏ ప్రోటీన్‌లో అరగంట. పారాఫిల్మ్ మీద 40 మైక్రోలీటర్ల చుక్క పెట్టి, కణాలు కిందికి వచ్చేలా కవర్‌స్లిప్ బోర్లించండి. ట్యూబ్యులిన్‌ను పట్టుకునే డీఎం1ఏ యాంటీబాడీ 1:500, గంటసేపు. మూడుసార్లు కడిగాక సెకండరీ (మొదటి యాంటీబాడీని పట్టుకుని వెలిగే రెండో యాంటీబాడీ), ఫాలాయిడిన్ కలిపి చీకట్లో 45 నిమిషాలు. ఫాలాయిడిన్ విషపు పుట్టగొడుగు నుంచి వచ్చింది, గ్లవ్స్ తప్పనిసరి.

సరిచూసుకోవడానికి ఒక కవర్‌స్లిప్‌కు సెకండరీ మాత్రమే వేయండి. ఇంకోదాన్ని ఫిక్స్ చేసే ముందు మైక్రోట్యూబ్యూల్స్‌ను విడగొట్టే మందు నొకొడజోల్‌లో, 10 మైక్రోమోలార్ గాఢతలో, గంట ఉంచండి. అందులో గొట్టాలు మాయమై, మామూలు కణంలో ఉంటేనే మీరు చూస్తున్నవి నిజమైన మైక్రోట్యూబ్యూల్స్.

సరిగ్గా వస్తే కేంద్రకం పక్క నుంచి అంచుదాకా తెగని, కాస్త వంకీలు తిరిగిన వెంట్రుకల్లా కనిపిస్తాయి. ఆవాలు చల్లినట్టు చుక్కలుంటే ఫిక్సేషన్‌లోనే గొట్టాలు విరిగాయి, యాంటీబాడీ ఎక్కువ వేసినా అతకవు. హీలా కణాల్లో స్ట్రెస్ ఫైబర్లు (ఆక్టిన్ కట్టలు) పల్చగా ఉంటే మీ తప్పు కాదు. లావుపాటి ఆక్టిన్ కట్టలు చూడాలంటే చదునుగా పరుచుకునే యూ2ఓఎస్ కణాలు తీసుకోండి.