కాంబో చేతిలోనే ఉంది, ఆట మాత్రం పోయింది: కమాండర్ టేబుల్ మీది తిప్పలు

పోయిన నెల మా నలుగురి మేజిక్ కార్డుల ఆటలో గెలుపు నా చేతిలోనే ఉంది. కలిస్తే ఆట గెలిపించే కాంబో కార్డులు రెండూ ఉన్నాయి, వాటి ధర కట్టే మానా ఉంది. అయినా ఓడిపోయాను. తప్పు డెక్‌ది కాదు, నేను కార్డులు వేసిన వరుసది. మేజిక్: ది గ్యాదరింగ్‌లో కమాండర్ పద్ధతిలో ఆడేవాళ్లు చాలామంది ఇలా ఓడిన మర్నాడే కొత్త కార్డులు కొంటారు. కొనేముందు ఇవి ఒకసారి చూసుకోండి. (కొత్తవాళ్లకు: మామూలుగా నలుగురు, ఒక్కొక్కరికి డెక్‌కు నాయకుడైన కమాండర్‌తో కలిపి 100 కార్డులు, 40 లైఫ్. మానా ఇచ్చే మామూలు కార్డులైన బేసిక్ ల్యాండ్లు తప్ప ఏ కార్డూ డెక్‌లో రెండుసార్లు ఉండకూడదు.)

సమస్య: రెండు కార్డులూ వేశాను, అయినా పోయింది

థాసాస్ ఆరకిల్, డెమానిక్ కన్సల్టేషన్. 2020లో ఆరకిల్ వచ్చినప్పటి నుంచీ పోటీ టేబుళ్ల మీద పేరుమోసిన జంట ఇది. ఆరకిల్ దిగగానే దాని ట్రిగర్ (దానంతటదే మొదలయ్యే ప్రభావం) మీ ముందున్న కార్డుల ధరల్లోని నీలం గుర్తులు లెక్కపెడుతుంది. ఆ లెక్క లైబ్రరీలో (ఇంకా తీయని కార్డుల కట్టలో) మిగిలిన కార్డులకు సమానమైనా, ఎక్కువైనా మీరు గెలిచినట్టే. కన్సల్టేషన్‌కు డెక్‌లో లేని కార్డు పేరు చెబితే ఒక్క నల్ల మానాతో లైబ్రరీ మొత్తం ఊడ్చేస్తుంది.

నేను ముందు లైబ్రరీ ఊడ్చి, తర్వాత ఆరకిల్ వేశాను. నా కుడిపక్క కూర్చున్నతను దాన్ని కౌంటర్ చేశాడు, అంటే పనిచేయకుండా ఆపేశాడు. మళ్లీ నా వంతు వచ్చేసరికి తీయడానికి కార్డు లేదు, అంటే ఓటమే. రమ్మీలో రాంగ్ షో కొట్టినట్టయింది.

ముందు ఆరకిల్ వేయాలి. అది దిగి, ట్రిగర్ స్టాక్ మీద (ఇంకా పనిచేయక వరుసలో) ఉన్నప్పుడు, దానికి జవాబుగా కన్సల్టేషన్. ఆరకిల్‌ను ఆపినా, కన్సల్టేషన్‌ను ఆపినా మీ లైబ్రరీ అలాగే ఉంటుంది, ఇంకోసారి ప్రయత్నించొచ్చు. లైబ్రరీ ఖాళీ అయ్యాక ఎవరైనా ఆరకిల్‌ను చంపినా టెన్షన్ పడక్కర్లేదు: నీలం లెక్క సున్నా, లైబ్రరీ సున్నా, రెండూ సమానమే కదా. భయపడాల్సింది ట్రిగర్‌నే ఆపే స్టైఫిల్ లాంటి కార్డులకు, మీ చేత బలవంతంగా కార్డు తీయించేవాటికి.

కన్సల్టేషన్ వేస్తూనే కార్డు పేరు చెప్పేయకండి. పేరు చెప్పాల్సింది అది పనిచేసేటప్పుడే.

సమస్య: టెయింటెడ్ పాక్ట్ మధ్యలో ఆగిపోయింది

కన్సల్టేషన్ లాగే లైబ్రరీ ఊడ్చే ఈ కార్డు ఆగిందంటే, డెక్‌లో ఐలాండ్లు (ఒక రకం బేసిక్ ల్యాండ్) రెండు ఉండి ఉంటాయి. ఒకే పేరున్న రెండో కార్డు బయటపడగానే పాక్ట్ ఆగిపోతుంది. ఒక్కో బేసిక్ ల్యాండ్ ఒక్కటే పెట్టండి. స్నో కవర్డ్ ఐలాండ్ పేరు వేరు కాబట్టి అదొకటి అదనంగా పెట్టుకోవచ్చు.

సమస్య: అనంతం అన్నారు, ఒక్క దెబ్బకే ఆగింది

హీలియాడ్, వాకింగ్ బలిస్టా జంటలో ఇది మామూలే. బలిస్టాకు లైఫ్‌లింక్ (కొట్టిన దెబ్బంత లైఫ్ తెచ్చే శక్తి) ఇచ్చి, దాని మీది ఒక కౌంటర్ (ఇక్కడ బలం పెంచే గుర్తు) తీసి కొడితే ఒక లైఫ్ వస్తుంది, దానికి హీలియాడ్ మళ్లీ కౌంటర్ పెడతాడు. కానీ బలిస్టా మీద ఒక్క కౌంటరే ఉంటే, అది తీయగానే బలిస్టా 0/0 (బలం సున్నా, ప్రాణం సున్నా) అయి చచ్చిపోతుంది. కొత్త కౌంటర్ వచ్చేదాకా ఆగదు. రెండు కౌంటర్లతో దించాలి, అంటే నాలుగు మానా. ఐసోక్రాన్ సెప్టర్, డ్రమాటిక్ రివర్సల్ (రివర్సల్‌ను మళ్లీ మళ్లీ వేసి మానా కార్డులను తిరిగి వాడుకునే జంట) దగ్గరా లెక్కే తప్పుతుంది. ప్రతి తిప్పుకు రెండు మానా ఖర్చు. ల్యాండ్లు కాక మిగతావి మూడు మానా ఇస్తేనే ఒకటి మిగులుతుంది. సోల్ రింగ్, ఆర్కేన్ సిగ్నెట్ కలిస్తే సరిపోతుంది.

సమస్య: జంట ఎప్పుడూ కలిసి రాదు

రాదు మరి. కమాండర్ పోగా మిగిలిన 99 కార్డుల్లో మీకు కావలసిన రెండూ మొదటి ఏడింట్లో పడే అవకాశం వెయ్యికి నాలుగు. ఎనిమిది వంతులు ఆడి 15 కార్డులు చూశాక కూడా వందకు రెండే. డెమానిక్ ట్యూటర్, వాంపైరిక్ ట్యూటర్ లాంటి, కావలసిన కార్డు వెతికి తెచ్చే కార్డులు అందుకే. ఒక సగానికి ప్రత్యామ్నాయం ఉంచుకోవడం ఇంకా మంచిది. కన్సల్టేషన్, పాక్ట్ రెండూ పెట్టేది అందుకే.

సమస్య: మానా అయిపోయినవాడే నన్ను ఆపాడు

కౌంటర్ చేసే కార్డు ఫోర్స్ ఆఫ్ విల్‌కు మానా అక్కర్లేదు. ఒక లైఫ్, చేతిలో ఇంకో నీలం కార్డు వదులుకుంటే చాలు. కమాండర్ బయట ఉంటే అలాంటిదే ఫియర్స్ గార్డియన్‌షిప్ ఊరికే వస్తుంది. కాబట్టి ట్యాప్ అయిన (వాడేసిన) ల్యాండ్లు కాదు, చేతిలో ఎన్ని కార్డులున్నాయో చూడండి. మీ వైపు కాపలాగా పాక్ట్ ఆఫ్ నెగేషన్ ఉంచుకోండి. దాని బాకీ వచ్చే వంతులో కట్టాలి, ఈ వంతులోనే గెలిస్తే ఆ వంతే రాదు.

నన్ను ఆపినతను కుడిపక్కన కూర్చున్నాడని చెప్పాను కదా, అదీ ఊరికే కాదు. ప్రయారిటీ (జవాబిచ్చే అవకాశం) ఎడమవైపు నుంచి తిరిగి ఆఖరున అతని దగ్గరకు వస్తుంది. ముందున్న ఇద్దరూ కౌంటర్ దాచుకుని పాస్ అంటే, భారమంతా అతని మీద పడుతుంది. అతని చేతిలో ఏమీ లేకపోతే ముగ్గురూ కలిసే పోతారు. కాంబో వేసేది మీరైతే ముందు కుడిపక్క చేయి గమనించండి. ఆపాల్సింది మీరైతే, "నా దగ్గర ఉంది, ఇంకెవరైనా ఆపగలరా?" అని నోరు తెరిచి అడగండి. దాచుకుని ఓడిపోయినవాళ్లను నేను చాలామందిని చూశాను, వాళ్లలో నేనూ ఉన్నాను.

సమస్య: డెక్ లిస్ట్ అచ్చంగా కాపీ కొట్టాను, ఆడనివ్వలేదు

2024 సెప్టెంబర్ 23న మానా క్రిప్ట్, జ్యువెల్డ్ లోటస్, డాక్‌సైడ్ ఎక్స్‌టార్షనిస్ట్, నాడు అనే కార్డులు కమాండర్‌లో నిషేధంలోకి వెళ్లాయి. లిస్ట్ అంతకుముందుదేమో తేదీ చూసుకోండి.