వేరే రాష్ట్రానికి మకాం మారుస్తుంటే పనిచోటు, ఇల్లు ఎంచుకోవడం ఎలా?

ఫోనులో ఫొటోలు చూసి ఇల్లు ఖాయం చేస్తారు, అడ్వాన్సు పంపేస్తారు, సామాను దించాక ఆఫీసు ఎంత దూరమో చూసుకుంటారు. మకాం మార్చేవాళ్లలో ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. ముందు పని, తర్వాత దారి, ఆఖరున ఇల్లు. ఈ వరస మార్చొద్దు.

కావలసినవి పెద్దగా ఏం లేవు. ఒక నోటుపుస్తకం, ఫోనులో మ్యాపు, మూడు నెలల ఇంటి ఖర్చుకు సరిపడా పక్కన పెట్టిన డబ్బు, కొత్త ఊళ్లో నాలుగు రోజులు. ఆ నాలుగు రోజుల్లో రెండు పనిదినాలై ఉండాలి. ఆదివారం చూస్తే ఏ ఊరి రోడ్లయినా ముద్దొస్తాయి.

1. పని

ఆఫర్ లెటర్ చేతికి రాకుండా ఒక్క పెట్టె కూడా కట్టకండి. లెటరులో ఊరి పేరు ఒక్కటే ఉంటే, ఏ బిల్డింగులో కూర్చోవాలో, వారానికి ఎన్ని రోజులు రావాలో మెయిల్లో అడిగి జవాబు దాచుకోండి. ఊరికి రెండు కొసల్లో రెండు ఆఫీసులున్న కంపెనీలు చాలానే ఉంటాయి.

ఈ ఉద్యోగం పోతే అదే దారిలో, అంతే దూరంలో మీ పనికి జీతమిచ్చేవాళ్లు ఇంకెవరున్నారో కూడా చూడాలి. కనీసం మూడు పేర్లు రాయండి. రాయలేకపోతే వెళ్లొద్దని కాదు, ఇల్లు కొనే ఊసు మాత్రం ఎత్తకండి.

2. రాష్ట్రం మారితే మారేవి

నర్సులు, లాయర్ల లాంటి వాళ్లకు రాష్ట్రం వారీగా రిజిస్ట్రేషన్ ఉండే చోట, ఆ కాగితం మార్చుకోవడానికి ఎన్నాళ్లు పడుతుందో కనుక్కున్నాకే చేరే తేదీ చెప్పాలి. బండికి కొత్త రిజిస్ట్రేషన్, పన్ను ఎంతవుతాయో లెక్కేయండి. పాత బండయితే అమ్మేసి వెళ్లడమే మేలు. పిల్లలుంటే సిలబసు, బడిలో తప్పనిసరి భాష చూసుకోండి. పబ్లిక్ పరీక్షలున్న ఏడాది బడి మార్చొద్దు.

జీతాన్ని జీతంతో పోల్చకండి. పన్నులు పోగా చేతికొచ్చే దాంట్లోంచి అద్దె, రాకపోకల ఖర్చు తీసేసి, మిగిలిన దాన్ని పాత ఊళ్లో మిగిలేదాంతో పోల్చండి.

3. దారి

అందరూ చెడగొట్టే మెట్టు ఇదే, కాబట్టి నెమ్మదిగా చదవండి.

కొలవాల్సింది ఇంటి గుమ్మం నుంచి ఆఫీసులో మీ కుర్చీ దాకా. మ్యాపులో కారు దారి పెట్టి చూస్తే కనిపించేది బండి కదిలే సమయమే. మ్యాపు 25 నిమిషాలంది అనుకోండి. స్టాపుకు నడక 8, బస్సు కోసం నిలబడటం 10, దిగాక నడక 6, గేటు దగ్గర, లిఫ్టు దగ్గర ఇంకో 5. మొత్తం 54. రానూపోనూ 108 నిమిషాలు. నెలకు 22 రోజులు తిరిగితే దాదాపు 40 గంటలు, అంటే ఒక వారం పని. దానికి జీతం ఎవరూ ఇవ్వరు.

గుమ్మం నుంచి కుర్చీ దాకా 40 నిమిషాలు దాటితే ఆ ఇల్లు వద్దు. అద్దె ఎంత తక్కువైనా వద్దు.

మ్యాపులో బయల్దేరే టైము పెట్టి చూస్తే '30 నుంచి 55 నిమిషాలు' అని రెండు అంకెలు వస్తాయి. చిన్నది చూసి మురిసిపోకండి, పెద్దదే రాసుకోండి. మీరు బయల్దేరాల్సింది దాన్ని బట్టే, లేకపోతే వారంలో రెండ్రోజులు లేటే.

ఆ తర్వాత స్వయంగా వెళ్లి చూడాలి. ఏరియా నడిబొడ్డు నుంచి కాదు, మీరు అద్దెకు తీసుకోబోయే వీధి నుంచి. మెయిన్ రోడ్డెక్కడానికే పావుగంట పట్టే వీధులుంటాయి. పొద్దున వెళ్లే దారి, సాయంత్రం వచ్చే దారి రెండూ కొలవాలి. వన్‌వేలు, యూటర్న్ దొరకని డివైడర్ల వల్ల తిరుగు దారి ఎక్కువ దూరం కావచ్చు. స్కూళ్లకు సెలవులున్నప్పుడు కొలిచిన లెక్క చెల్లదు, స్కూలు బస్సులు తిరిగే రోజుల్లోనే కొలవండి. నైట్ షిఫ్టయితే ఆఖరి బస్సు టైము స్టాపులో నిలబడి చూడండి, బోర్డు మీద రాసింది నమ్మకండి.

ఇంటికీ ఆఫీసుకీ మధ్య ఒకే వంతెనో, ఒకే రైల్వే గేటో ఉంటే ఆ ఇంటినీ వదిలేయండి. వానొచ్చినా, రిపేరు పెట్టినా ఆ రోజు అక్కడే ఆగిపోతారు. రెండో దారి ఉండి తీరాలి.

బండి నడిపేవాళ్లకు ఇంకోటి. ఇల్లు ఆఫీసుకు పడమటి వైపు ఉంటే పొద్దున తూర్పుముఖంగా, సాయంత్రం పడమటిముఖంగా నడపాలి. రెండు పూటలా ఎండ కళ్లలోనే. తూర్పు వైపు ఇల్లయితే ఎండ వీపు మీద పడుతుంది. రెండు ఇళ్లూ సమానంగా నచ్చితే తూర్పుదే తీసుకోండి.

కొందరు పెద్ద పట్టిక గీసి, అద్దెకు ఇన్ని మార్కులు, పార్కుకు ఇన్ని అని వేసి కూడుతుంటారు. చూడ్డానికి బాగుంటుంది. కానీ ముందే మనసుపడ్డ ఇల్లు గెలిచేదాకా మార్కులు దిద్దుతూనే ఉంటారు. పైగా పార్కుకు పది మార్కులొస్తే గంట ప్రయాణం మాఫీ అయిపోదు కదా. చుట్టాలున్న కాలనీ అని వెళ్లడం కూడా ఇలాంటిదే. చుట్టాలను కలిసేది ఎప్పుడో ఒకసారి, ఆఫీసుకు వెళ్లేది రోజూ.

4. ఇల్లు

దారి తేలాక ఇల్లు వెతకడం తేలిక. అద్దె, మెయింటెనెన్సు కలిపి చేతికొచ్చే జీతంలో పావు వంతు దాటకూడదు. రాత్రి పదింటికి ఒకసారి వెళ్లి చప్పుడు ఎంతుందో వినండి. గోడల అడుగున తేమ గీత ఉందేమో, కొత్త సున్నం నేలకు రెండడుగుల ఎత్తు వరకే వేశారేమో చూడండి. అలా ఉంటే వానాకాలంలో నీళ్లు వస్తున్నాయని అనుమానించాలి. పై అంతస్తు అయితే రెండు కుళాయిలు ఒకేసారి తిప్పి ధార చూడండి. లోపలి గదిలో ఫోను సిగ్నలు చూడటం మర్చిపోకండి.

మొదటి ఇల్లు ఆరు నెలలకే తీసుకోండి. ఏడాది లాక్-ఇన్ (ఆలోపు ఖాళీ చేయకూడదనే షరతు) ఉన్న అగ్రిమెంటు మీద సంతకం పెట్టొద్దు. నోటీసు ఎన్ని రోజులో, రంగుల ఖర్చు ఎవరిదో, అడ్వాన్సు ఖాళీ చేసిన ఎన్ని రోజుల్లో తిరిగిస్తారో అగ్రిమెంటులో రాయించండి. ఇల్లు లోపల నిలబడి చూడకుండా ఒక్క రూపాయి కూడా పంపొద్దు. తాళం తీసుకున్న రోజే గోడలు, కుళాయిలు, కరెంటు మీటరు రీడింగు ఫొటోలు తీసి ఓనరుకు పంపండి.