వేసవికి ముందే స్ప్రింక్లర్ల సంగతి చూసుకోండి

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుందంటారు. తిరుపతిలో ఇంటి ముందు పచ్చిక పెంచుకున్నవారు స్ప్రింక్లర్లను సరిచూసుకోవలసింది ఆ రోజుల్లోనే. ఎండ 40 డిగ్రీలు దాటాక ఏ నాజిల్ మూసుకుపోయిందో ఎండిన గడ్డే చెబుతుంది కానీ, అప్పటికే ఆలస్యమైపోతుంది. చలి దేశాల్లో నీరు గడ్డకట్టి పైపులు పగులుతాయి. మనకు ఆ బెడద లేదు. మన జాగ్రత్తలన్నీ కరెంటుతోనూ, పురుగూ పుట్రాతోనూ, బోరు నీటిలోని సున్నంతోనూ.

ముందు కరెంటు. మోటారు స్విచ్ ఆపితే సరిపోదు, మెయిన్ కూడా ఆపండి. టైమర్ ఉన్న ఇళ్లలో మీరు పైపు విప్పుతుండగానే మోటారు తనంతట తానే తిరగవచ్చు. స్టార్టర్ పెట్టెలో కాలిన వాసన వచ్చినా, తీగ తొడుగు చిట్లినా ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. టేపు చుట్టి సరిపెట్టుకునే పని కాదది. ఎర్త్ గుంత ఎండిపోతే ఎర్తింగ్ బలహీనపడుతుంది, అందులో నీళ్లు పోస్తుండండి.

వాల్వు పెట్టె మూతను ఒట్టి చేత్తో ఎత్తకండి. చల్లగా, చీకటిగా ఉండే ఆ చోటు తేళ్లకు ఇష్టం, ఒక్కోసారి పాములకూ. శేషాచలం కొండల అంచున ఉన్న కాలనీలవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. బూట్లు వేసుకుని, పొడవాటి కర్రతో మూత జరిపి, టార్చి వేసి చూశాకే చేయి పెట్టండి. పాము కాటేస్తే కోయడం, గట్టిగా కట్టడం, మంత్రం వేయించడం వద్దు. కాటుపడిన కాలో చెయ్యో కదపకుండా 108కి ఫోను చేసి, రుయా వంటి పెద్దాసుపత్రికి చేరండి.

ఇక శుభ్రం చేయడం. ముందు ఫిల్టర్ జల్లెడ కడగండి. తర్వాత నాజిళ్లు విప్పి, పైపుల చివరి మూతలు తీసి, తేట నీరు వచ్చేదాకా వదలండి. వాల్వును మెల్లగా తిప్పాలి. ఒక్కసారిగా తెరిస్తే ఆ దెబ్బకు అతుకులు ఊడతాయి. తెల్లటి పొర పట్టిన నాజిళ్లను రాత్రంతా వెనిగర్‌లో నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. సూది గుచ్చితే రంధ్రం పెద్దదై నీరు చిమ్మే తీరు మారిపోతుంది. బాత్రూం యాసిడ్ జోలికి వెళ్లకండి, ఇత్తడిని తినేస్తుంది, ఆ ఆవిరి ఊపిరితిత్తులకు హాని.

అన్నీ బిగించాక ఒక్కో వరుసనూ విడిగా నడిపి చూడండి. నీరు మోటారు గది గోడ మీద పడుతుంటే నాజిల్‌ను పక్కకు తిప్పండి. టైమర్‌ను తెల్లవారుజాముకు పెట్టండి. మధ్యాహ్నం చల్లిన నీటిలో చాలా భాగం ఎండ పాలే.