రోహిణి కార్తెకు ముందే మందుల డబ్బా చూడండి: కిడ్నీ రోగులకు మెగ్నీషియం జాగ్రత్తలు

మీ ఇంట్లో కిడ్నీ జబ్బున్నవాళ్లు ఉంటే, బెజవాడ, గుంటూరు ఎండలు ముదరకముందే వాళ్ల మందుల డబ్బా తీసి ఒక్కో సీసా మీద రాసింది చదవండి. వెతకాల్సిన పేరు మెగ్నీషియం.

ఎండాకాలంలో చెమటకు ఒంట్లో నీరు తగ్గి మలబద్ధకం వస్తుంది. కొత్తావకాయ తింటే కడుపులో మంట. వెంటనే మందుల షాపుకెళ్లి, డాక్టర్ చీటీ లేకుండానే గ్యాస్ సిరప్పో, విరేచనాల మందో తెచ్చుకుంటాం. వాటిలో చాలావాటిలో మెగ్నీషియం హైడ్రాక్సైడ్ ఉంటుంది. కిడ్నీలు బాగుంటే ఎక్కువైనది మూత్రంలో పోతుంది. దెబ్బతిన్న కిడ్నీలు దాన్ని సరిగా బయటికి పంపలేవు. మలబద్ధకంతో మందు పేగుల్లో నిలిచిపోతే రక్తంలోకి ఇంకా ఎక్కువ చేరుతుంది. పెద్దవయసువాళ్లకు ఈ ముప్పు మరీ ఎక్కువ.

పొలం ఉన్న ఇళ్లకు ఇంకో మాట. పత్తికి స్ప్రే కొట్టే మెగ్నీషియం సల్ఫేటూ, కడుపు శుభ్రం కావడానికి తాగే ఎప్సమ్ సాల్టూ ఒకటే రసాయనం. పొలం కోసం తెచ్చిన సంచిలోది ఎవరూ తాగకూడదు. కిడ్నీ రోగులైతే మందుల షాపులో కొన్నది కూడా తాగకూడదు. పిక్కలు పట్టేస్తున్నాయని ఎవరో చెబితే మెగ్నీషియం మాత్రలు మొదలుపెట్టడమూ వద్దు. ఆకుకూరలు, పప్పుల వల్ల మాత్రం రక్తంలో మెగ్నీషియం ఇంత పెరగడం అరుదు.

నాకు ఎక్కువ భయం కలిగించేవి రక్తంలో మెగ్నీషియం ఎక్కువైతే వచ్చే లక్షణాలు. వికారం, ముఖం వేడెక్కి ఎర్రబడటం, నీరసం, మగత. మే నెలలో ఇవి చూస్తే ఎవరైనా వడదెబ్బే అనుకుంటారు, పడుకోబెట్టి మజ్జిగ ఇస్తారు. ఇంకా పెరిగితే కండరాలు పట్టు తప్పుతాయి, బీపీ పడిపోతుంది, నాడి నెమ్మదిస్తుంది, ఊపిరి బలహీనమవుతుంది, గుండె ఆగిపోవచ్చు. కిడ్నీ రోగి ఇలా మగతగా ఉంటే 108కి ఫోన్ చేయండి, వాడిన సీసాలు వెంట తీసుకెళ్లండి. నరంలోకి కాల్షియం గ్లూకోనేట్ ఎక్కించి గుండెను కాపాడతారు, అవసరమైతే డయాలసిస్ చేసి మెగ్నీషియం తీసేస్తారు.

రక్తంలో మెగ్నీషియం సుమారు 1.7 నుంచి 2.4 మిల్లీగ్రాముల మధ్య ఉండాలి, డెసిలీటరుకు. కిడ్నీల పనితీరు చూసే క్రియాటినిన్ రిపోర్టులో ఇది కనబడదు, విడిగా పరీక్ష రాయించుకోవాలి. ఎండ కదా అని కొబ్బరినీళ్లు, ఓఆర్ఎస్ సొంతంగా పట్టించకండి. వాటిలో పొటాషియం ఉంటుంది, దెబ్బతిన్న కిడ్నీలు దాన్నీ సరిగా బయటికి పంపలేవు. పైగా డయాలసిస్ చేయించుకునేవాళ్లకు నీళ్లకూ లెక్క ఉంటుంది. మలబద్ధకానికి మెగ్నీషియం లేని లాక్టులోజ్ లాంటి సిరప్‌లు ఉన్నాయి, ఈసారి చెకప్‌కు వెళ్లినప్పుడే డాక్టర్‌ని అడిగి రాయించుకోండి.